పాతికేళ్ల స్కాచి, వారం ఆగని రసం

అన్నలూ, మా బావమరిది కొడుకు అమెరికా నుంచి 25 ఏళ్ల స్కాచి తెచ్చాడు. ఖరీదు ఎకరం తోట కౌలంత! ఒక గుక్క తాగా. ఎండు ద్రాక్ష తీపి, చివర్లో పాత చెక్క బీరువా తెరిచిన వాసన. బాగుంది, కాదనను.

కానీ రేటంతా ఓక్ పీపాలో ఆగినందుకే. 3 ఏళ్లన్నా ఆగందే అది స్కాచి కాదని అక్కడ చట్టం. ఏటా 2 శాతం దాకా ఆవిరైపోద్ది, ఆ నష్టమూ రేటులోనే. సీసాలో పోశాక వయసు పెరగదు.

మన చిన్నరసం వారం ఆగదు, సరే. ఆగే వడ్లనీ కళ్లంలోనే అమ్ముతున్నాం. పాత బియ్యం రేటు ఆపుకున్నోడిది.

నా మాట: ఆ డబ్బు రుచికి కాదు, ఆగగలిగిన స్తోమతుకి. మనకి కావాల్సింది ఊళ్లో గోదాము, సరుకు మీద అప్పు. మీరేమంటారు?