నూటికి ముప్పావలా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద తెల్లవారుజామున ఊడ్చే చెత్తలో కరపత్రాలే ఎక్కువ. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షల కోచింగ్, అరిథ్మెటిక్‌కు ప్రత్యేక బ్యాచ్. అక్కడి నుంచి చైతన్యపురి దాకా అంతస్తు అంతస్తుకీ బోర్డులే. నగరంలో లెక్కలు ఇంత జోరుగా అమ్ముడుపోయే చోటు ఇంకొకటి ఉండదేమో (అమీర్‌పేట వాళ్లు ఒప్పుకోరనుకోండి). ఆ కాగితాలను ఊడ్చి బండికెత్తే ఆడవాళ్లకు మాత్రం తమ జీతం చీటీలో ఏం కోశారో తెలియాలంటే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల్సిందే.

ఎల్బీనగర్ వెనక ఒక బస్తీలో ఆదివారం సాయంత్రాలు మేం కొందరం పరిశోధక విద్యార్థులం వాళ్లతో కూర్చుంటున్నాం. వచ్చేవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ ఆడవాళ్లు. ఊడ్చేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అడ్డా మీద నిలబడే కూలీలు. మొదటి నెల మేం చేసింది తప్పు. పలకలు తెచ్చి ఒకటి, రెండు, మూడు దిద్దించబోయాం. నవ్వారు. ఆ నవ్వు మాకు అర్థమవడానికి వాళ్ల చిట్టీ దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై వేల చిట్టీ. పాట నాలుగు వేలు తగ్గింది. తలా రెండు వందలు, ఈ నెల కట్టాల్సింది ఎనిమిది వందలు. మేం కాగితం తీసేలోపే చెప్పేశారు. ఇప్పుడు ఎత్తుకుంటే లాభమా, ఇంకో ఆరు నెలలు ఆగితే లాభమా అన్న వాదన కూడా అక్కడే తేలిపోయింది. ఆ వాదన మాకు పూర్తిగా అందలేదు.

అదే మనిషి జీతం చీటీ దగ్గర ఆగిపోయింది. ఈఎస్ఐ, 0.75 శాతం. 'సున్నా పాయింట్ ఏడు ఐదు' అని మేం ఎంత విడమరిచినా ముందుకు సాగలేదు. పక్కనున్న పెద్దామె విసుక్కుంది: "గట్ల జెప్తే ఎట్ల సమజైతది బిడ్డా? నూటికి ముప్పావలా అను." అంతే. వెయ్యికి ఏడున్నర, పది వేలకు డెబ్బై ఐదు. పీఎఫ్ నూటికి పన్నెండు, అంటే పది వేలకు పన్నెండు వందలు. యజమాని కూడా తన వాటా వేరుగా కట్టాలి, దాన్ని కార్మికుల జీతంలోంచి కోయడం చట్టవిరుద్ధం. ఈ మాట చెప్పగానే గది నిశ్శబ్దమైంది. తర్వాత చీటీలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. రెండు చీటీల మీద ఆ కోత రెండుసార్లు ఉంది.

వాళ్లకు లెక్కలు రావని ఎట్లా అనగలం? 1985లో బ్రెజిల్ పరిశోధకులు ఇదే చూశారు. బజారులో కొబ్బరికాయలు అమ్మే పన్నెండేళ్ల పిల్లవాడు పది కాయల ధరను మూడేసి కాయల చొప్పున కూడుకుంటూ సరిగ్గా చెప్పాడు. అట్లాంటి పిల్లలే బడి లెక్కలాగా కాగితం మీద ఇస్తే తడబడ్డారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలతో చేసి 2025లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. అయితే నోటిలెక్కను పొగిడి ఊరుకోవడం కూడా మోసమే. లేబర్ ఆఫీసులో నోటిలెక్క చెల్లదు. అక్కడ కాగితం అడుగుతారు.

అప్పుల దగ్గర ఇది ఇంకా తెలుస్తుంది. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నెలకు నూటికి రెండని అందరికీ తెలుసు. ఫైనాన్స్ వాళ్లు మాత్రం 'ఏడాదికి పన్నెండు శాతం, ఫ్లాట్' అంటారు. అంటే రూపాయి వడ్డీయే కదా, సగానికి సగం చవక అనిపిస్తుంది. పది వేలు తీసుకుని నెలకు 933 చొప్పున పన్నెండు కిస్తీలు కట్టి చూడండి. అసలు నెలనెలా తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం పది వేల మీదే పడుతుంది. లెక్కేస్తే ఏడాదికి దాదాపు 21.5 శాతం, అంటే రూపాయీ ఎనభై పైసల వడ్డీ. ఈ ఒక్క లెక్కకే మాకు మూడు ఆదివారాలు పట్టింది. ప్రభుత్వానికి ఈ భాష తెలియక కాదు. 2004 తర్వాత పొదుపు సంఘాల అప్పులకు తెచ్చిన పథకానికి 'ఏడాదికి మూడు శాతం' అని పేరు పెట్టలేదు, 'పావలా వడ్డీ' అన్నారు. ఓటు కావాల్సినప్పుడు దొరికిన భాష పాఠ్యపుస్తకానికి దొరకలేదు.

మరి ఈ పని ఎవరు చేయాలి? 2009లో వచ్చిన సాక్షర భారత్ గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. పల్లె నుంచి వలసొచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్నవాళ్లు దాని లెక్కలో లేరు. అందులో కనీసం ప్రేరక్‌కు నెలకు 2,000 ఇచ్చేవారు. 2018 మార్చి 31తో అదీ ఆగింది. ఇప్పుడున్న ఉల్లాస్ పథకం పట్టణాలకూ వర్తిస్తుంది. 2022 నుంచి 2027 దాకా 5 కోట్ల మందికి చదువు చెప్పడానికి 1,037.90 కోట్లు. మా ఆదివారం క్లాసులో భాగించాం: ఐదేళ్లకు కలిపి మనిషికి 208 రూపాయలు కూడా రాలేదు. చెప్పేవాళ్లు వలంటీర్లు, జీతం లేదు. చదువు చెప్పడమంటే సేవే గానీ పని కాదన్నమాట. ఊడ్చేవాళ్ల గురించి కూడా ఒకప్పుడు ఇట్లాగే మాట్లాడారు.

పరీక్ష 150 మార్కులకు. చదవడం, రాయడం, లెక్కలు తలా 50. 2024 ఆగస్టులో కేంద్ర విద్యాశాఖ అక్షరాస్యతకు ఇచ్చిన నిర్వచనంలో లెక్కలు చేయడం కూడా ఉంది. జనగణన నిర్వచనంలో లేదు. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే చాలు. 2011లో దేశం మొత్తం 73 శాతం, ఎస్సీలు 66 శాతం అని మనం చెప్పుకునే అంకెల్లో లెక్కలు వచ్చా రావా అన్న ప్రశ్నే లేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో కులం అడుగుతారు, మంచిదే. చీటీ మీది కోత సరిచూసుకోగలరా అని ఎవరూ అడగరు. ఉల్లాస్ గడువు తీరేదీ ఆ నెలలోనే.

మలక్‌పేట దాటి మూసీ అవతలికి వెళ్తే ఇసామియా బజార్. 1910లో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం బడి పెట్టింది అక్కడే. ఆ బడి సర్కారు పిలుపు మీద రాలేదు, వాడ అవసరం మీద వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక పోరాటంగా మారిందన్నా అంతే. దూబగుంట ఆడవాళ్లకు పాఠంలో తమ ఇంటి సంగతే కనిపించింది.

వచ్చేవాళ్లు అడుగుతున్నవి పెద్దవేం కావు. జీతం చీటీ తెలుగులో ఇవ్వాలి. క్లాసు మధ్యాహ్నం మూడుకు పెట్టాలి, పొద్దున నాలుగుకు లేచినవాళ్లు రాత్రి ఎనిమిదికి కళ్లు తెరిచి ఉంచలేరు. చెప్పేది బస్తీలో పది చదివిన పిల్లే అయితే ఆ పిల్లకు జీతం ఇవ్వాలి. రెండుసార్లు కోత పడిన చీటీల జిరాక్సులు జతచేసి ఇద్దరు ఆడవాళ్లు అర్జీ రాశారు. లెక్క వాళ్లే వేశారు, కూడికలో మేం చేసిన ఒక తప్పును కూడా వాళ్లే పట్టుకున్నారు. సోమవారం ఇచ్చి వస్తామన్నారు, ఆ రోజు కూలీ పోయినా సరే.