ఆపరేషనైంది... చెయ్యి లేవదేం?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కయిన నేల అనంతపురం. అక్కడ చెనక్కాయ చెట్లు పీకాలన్నా, బిందె నెత్తికెత్తుకోవాలన్నా భుజంలో సత్తువుండాలి. దొరికే నాలుగు రోజుల కూలి పోతుందని భుజంనొప్పిని నెలల తరబడి ఓర్చుకుంటారు చాలామంది. ఇక తప్పదనుకున్నాక అనంతపురం సర్వజన ఆస్పత్రికో, బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రికో వెళ్లి, భుజంలో తెగిన కండర నరాన్ని కుట్టించుకుంటారు. గాయం మానుతుంది. చెయ్యి మాత్రం పైకి లేవదు. జడ వేసుకోవడమే గగనమవుతుంది!

ఆపరేషన్ చెడిపోయిందేమోనని భయపడతారు. చాలాసార్లు కారణం అది కాదు. భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. గాయం మానే క్రమంలో అది మందమై ముడుచుకుపోతే కీలు బిగుసుకుపోతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ? షుగరు ఉన్నవారికి, ఆపరేషన్‌కు ముందే భుజం పట్టేసినవారికి, నరంలో క్యాల్షియం పేరుకున్నవారికి. థైరాయిడ్ సమస్య ఉన్నవారిలోనూ భుజం పట్టేయడం ఎక్కువే. వయసులో ఉన్నాం, మాకేం అనుకోవడానికీ లేదు. అమెరికా వైద్యులు ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న 489 మందిని గమనించి 2009లో వివరాలు ప్రచురించారు. బిగుసుకుపోయి ఇబ్బంది పడినవారు 24 మంది. ఆ ముప్పు యాభై ఏళ్లలోపు వారిలోనే ఎక్కువ కనిపించింది.

అందుకే ఆపరేషన్‌కు ముందే షుగరు పరీక్ష చేయించుకుని అదుపులోకి తెచ్చుకోవాలి. చెయ్యి ఎంతవరకు లేస్తోందో డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాత సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు చేతికి స్లింగ్ ఉంటుంది. ఆ రోజుల్లోనూ వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదుపుతుండాలి. భుజాన్ని ఎప్పుడు, ఎంత కదపాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి. నొప్పి తగ్గిందని తొందరపడి బిందె ఎత్తితే కుట్టు తెగొచ్చు. భయపడి నెలల తరబడి కదపకపోతే కీలు బిగుస్తుంది. రెండూ నష్టమే.

ఫిజియోథెరపీకి వారం వారం పట్నం వెళ్లాలంటే బస్సు ఛార్జీలు, పోయే కూలి గుర్తొస్తాయి. కాబట్టి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజే ఇంట్లో ఒకరు వ్యాయామాలన్నీ దగ్గరుండి నేర్చుకోవడం మేలు.

బిగుసుకున్న భుజాల్లో చాలావరకు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వ్యాయామంతోనే వదులవుతాయి. అప్పటికీ లొంగకపోతే చిన్న రంధ్రాల ద్వారా పొరను వదులు చేసే పద్ధతి ఉంది. జ్వరం, గాయం దగ్గర ఎర్రటి వాపు, చీము కనిపిస్తే మాత్రం ఆగకూడదు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.