పసిబిడ్డ ఏ మందు మానేసింది?

"మీ వాళ్లు మందులు సరిగ్గా మింగరు. నాలుగు రోజులు మింగి మానేస్తారు. అందుకే మీకు మొండి టీబీ వస్తుంది." మన వాడల నుంచి సర్కారు దవాఖానాకు పోయినవాళ్లు వినే మాట ఇది. వినీ వినీ మనమూ నమ్మేశాం. తాగుబోతు అని, చదువు లేదని, శుభ్రత లేదని మనల్ని మనమే తిట్టుకుంటున్నాం. సరే, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. రెండేళ్ల పసిబిడ్డకు మొండి టీబీ వస్తే ఆ బిడ్డ ఏ మందు మానేసినట్టు?

మొండి టీబీ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. క్షయకు వాడే మందుల్లో బలమైనవి రెండు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఈ రెండింటికీ లొంగని క్రిమి వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు ఎండీఆర్ టీబీ అంటారు. మందు మధ్యలో ఆగినా, మోతాదు తప్పినా, సెంటర్లో స్టాకు లేకపోయినా ఒంట్లోని క్రిమి రాటుదేలుతుంది. అట్లా రాటుదేలిన క్రిమి దగ్గుతో గాలిలోకి వచ్చి పక్కనున్నవాళ్లకు పోతుంది. చిన్నపిల్లల్లో కనిపించే మొండి టీబీ చాలావరకు ఇట్లా పెద్దవాళ్ల నుంచి నేరుగా వచ్చిందే. ఆ బిడ్డ తన జన్మలో ఒక్క టీబీ బిళ్ల కూడా మింగి ఉండదు.

అందుకే మేము అంటున్నాం: పసిబిడ్డ మొండి టీబీ ఒక సాక్ష్యం. ఆ ఇంట్లోనో, ఆ వాడలోనో ఒక పెద్దమనిషికి సరైన పరీక్ష సకాలంలో జరగలేదు, సరైన మందు అందలేదు అని చెప్పే సాక్ష్యం.

మరి మందు ఎవరు మానేశారు? 2013లో దేశంలో పిల్లల మోతాదు టీబీ మందులకే కరువొచ్చింది. 2023లో మొండి టీబీ మందులు, 2024లో మామూలు టీబీ మందులు చాలా రాష్ట్రాల్లో దొరకలేదు. సర్కారు మందు ఆపితే దాని పేరు 'సరఫరాలో జాప్యం'. కూలివాడు ఆపితే దాని పేరు 'నిర్లక్ష్యం'. పాలమూరు కూలీ పనికోసం పుణె పోతాడు, ముంబయి పోతాడు. కార్డు ఇక్కడుంటుంది, దగ్గు అతనితో పోతుంది. పని దొరికిన చోట మందు అందేలా చూడాల్సింది ఎవరు? మేస్త్రీనా?

2025 నాటికి క్షయను దేశం నుంచి తుడిచేస్తామని 2018లో ప్రధానమంత్రి ప్రకటించారు. గడువు దాటింది, దగ్గు ఆగలేదు. ఈనాటికీ ప్రపంచంలో ప్రతి నలుగురు టీబీ రోగుల్లో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. పిల్లల సంగతి ఇంకా ఘోరం. 2018 నుంచి 2022 దాకా అయిదేళ్లలో లక్షా పదిహేను వేల మంది పిల్లలకు మొండి టీబీ వైద్యం చేస్తామని ప్రపంచ దేశాలన్నీ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. చేసింది ఇరవై ఒక్క వేల చిల్లర మందికి. అయిదుగురిలో ఒకరికైనా సరిగా అందలేదన్నమాట. నిజానికి వైద్యం అందిన పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి పైగా బాగవుతున్నారు. జబ్బు మొండిదే, కానీ బిడ్డను పోగొట్టుకోక తప్పని జబ్బు మాత్రం కాదు.

పిల్లలు లెక్కలోకి ఎందుకు రారు? పెద్దవాడు తెమడ ఉమ్మి డబ్బాలో ఇస్తాడు. చంటిపిల్ల ఉమ్మలేదు, మింగేస్తుంది. "తెమడ తెండి" అని చీటీ రాసిచ్చి పంపితే ఆ తల్లి ఏం తెస్తుంది? పొద్దున్నే పరగడుపున కడుపులోని నీరు గొట్టంతో తీసి పరీక్ష చేయొచ్చు. ఆ బాధ కూడా లేకుండా పిల్లల మలంతోనే పరీక్ష చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సీబీనాట్ మిషను రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెప్తుంది. అయితే పిల్లల్లో క్రిములు తక్కువ కాబట్టి పరీక్షలో దొరకకపోవచ్చు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నది ఏ రకం టీబీయో చూసి దాన్నిబట్టి బిడ్డకు మందు ఎంచాలి. ఇంట్లో మొండి టీబీ రోగి ఉన్నాడని తెలిసీ బిడ్డకు మామూలు మందు రాసి, ఆరు నెలల తర్వాత "తగ్గలేదు" అని తల పంకిస్తే, ఆ ఆరు నెలలు ఎవరి ఖాతాలో వేయాలి?

మందుల కథ కూడా తెలుసుకోవాలి. చాలా ఏళ్లు మొండి టీబీకి కానమైసిన్ లాంటి సూదులు నెలల తరబడి పొడిచారు. ఆ సూదులు ఎందరికో చెవుడు తెచ్చిపెట్టాయి. మాట రాకముందే చెవులు పోయిన బిడ్డకు ఇక మాట కూడా రావడం కష్టం. బెడాక్విలిన్ అనే నోటి మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏ వయసు పిల్లలకైనా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. పెద్దల తర్వాత పదేళ్లకు! ఈలోపు ఆ మందుపై పేటెంటును పొడిగించుకోవాలని జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ చూసింది. దానికి అడ్డం నిలబడ్డది ఇద్దరు యువతులు: ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. టీబీ వైద్యంలో ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. 2019లో వాళ్లు అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ అర్జీని కొట్టేసింది. రోగులు దయకోసం చేయి చాపకుండా హక్కుగా కొట్లాడితే ఏమవుతుందో దీన్నిబట్టి చూడండి.

మందొక్కటే చాలదు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా ఒక పరిశోధన జరిగింది. టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు అదనంగా తిండి ఇచ్చారు. పెద్దలకు నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్లలు. అంతే. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు నూటికి నలభై వంతులు తగ్గింది. రోగికి ఇచ్చే అయిదు వందలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మంచిదే. కానీ ఒక మనిషికిచ్చే వెయ్యి రూపాయలతో ఆ ఇంట్లో పిల్లల కంచం నిండుతుందా? ఊరి చివర గాలి ఆడని ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో దగ్గు ఎవరిదైనా ఊపిరి అందరిదీ. ఆ ఇల్లు అక్కడెందుకుందో, అంత ఇరుగ్గా ఎందుకుందో డాక్టరు చీటీలో రాయడు. అది కులం రాసిన చీటీ.

ఇంకో సంగతి. టీబీ వచ్చిన పిల్లను అంగన్‌వాడీలో మూలకు కూర్చోబెట్టేవాళ్లున్నారు, గ్లాసు వేరు పెట్టేవాళ్లున్నారు. అయిదేళ్ల లోపు పిల్లల నుంచి ఇతరులకు టీబీ సోకడం చాలా అరుదు. గ్లాసు ముట్టుకుంటే అసలే రాదు. అంటరానితనం ఎంత కొత్త చొక్కా తొడుక్కొచ్చినా మనకు గుర్తుపట్టడం తెలుసు.

ఇక చేయాల్సిన పని. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం, ఆటలు మానేసి మూలన పడుండటం, మెడ మీద గడ్డలు - ఇవి కనిపించిన పిల్లను ఆర్‌ఎంపీ దగ్గర సూదులతో కాలయాపన చేయకుండా దవాఖానాకు తీసుకుపోవాలి. పుట్టగానే వేసిన బీసీజీ టీకా ఉంది కదా అని ఊరుకోవద్దు. అది మెదడుకు పాకే టీబీ లాంటి వాటినుంచి కొంత కాపాడుతుందే గాని టీబీ రాకుండా పూర్తిగా ఆపదు. టీబీ తేలిన ప్రతి పెద్దమనిషికీ మొదటి రోజే మొండి టీబీ పరీక్ష చేయించమని అడగాలి. మొండిది అని తేలితే ఆ ఇంట్లో పిల్లలందరి పేర్లూ కాగితం మీద రాయించి ఒక్కొక్కరినీ చూపించాలి. జబ్బు లేని పిల్లలకు అది రాకుండా ఆరు నెలలు లీవోఫ్లోక్సాసిన్ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫారసు చేసింది. దక్షిణాఫ్రికాలో పసిపిల్లలతో, వియత్నాంలో ఎక్కువగా పెద్దలతో చేసిన పరిశోధనల తర్వాత వచ్చిన సిఫారసు ఇది. "మా పిల్లలకు అది ఎందుకివ్వరు?" అని డాక్టరును అడగండి, జిల్లా టీబీ ఆఫీసరును అడగండి. స్టాకు లేదంటే నోటిమాటతో వెనక్కి రావద్దు, కాగితం మీద రాసివ్వమనండి. ఒక్కరు పోతే కసురుతారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు.

1927లో మహద్‌లో అంబేద్కర్ నడిచింది చెరువు నీళ్లు అందరివీ అని చెప్పడానికి. ఈరోజు మన పిల్లల ఊపిరి కోసం నడవాల్సి వస్తోంది. ఈ పక్షం మీ వాడలో టీబీ మందులు వాడుతున్న ప్రతి ఇంటికీ పోండి. ఆ ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, వాళ్లలో ఎందరిని డాక్టరు చూశాడు - ఈ రెండు లెక్కలు రాసుకోండి. రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉంటే అంతమంది పిల్లల తరఫున మనం జవాబు అడగాలి.

జై భీమ్!