నాబోతు తోటకు కాపలా ఎవరు?

అహాబు రాజుకు తన నగరు పక్కనే ఉన్న ద్రాక్షతోట మీద కన్నుపడింది. అది నాబోతు అనే సామాన్యుడిది. కూరగాయలు పెంచుకుంటాను, తోట ఇమ్మన్నాడు రాజు. బదులుగా ఇంకా మంచి తోట కావాలన్నా, సొమ్ము కావాలన్నా ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యాన్ని వదులుకోవడం దేవుని ఎదుట తగదని నాబోతు కాదన్నాడు. ఆ ఒక్క మాటకు దొంగ సాక్షులు పుట్టుకొచ్చారు, ఊరి పెద్దలు రాణి చెప్పినట్టే తీర్పు చెప్పారు, నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. రాజు తోటలో అడుగుపెట్టేసరికి అక్కడ ఏలీయా నిలబడి ఉన్నాడు (1 రాజులు 21). రాజుకూ ఒక హద్దుంది, ఆ హద్దు గీసినవాడు దేవుడు. ఈ అధ్యాయం మనకు నేర్పేది ఇదే.

రాజకీయాల్లో ఈ హద్దు గురించి పట్టుబట్టేవారిని స్వేచ్ఛావాదులంటారు. ప్రభుత్వం పెరిగేకొద్దీ పౌరుడు చిన్నవాడవుతాడన్నది వారి వాదన. రాజు కావాలని అడిగిన ప్రజలతో సమూయేలు చెప్పింది కూడా దాదాపు ఇదే. మీ కుమారులను, మీ పొలాలను, మీ పంటలో పదో వంతును అతడు తీసుకుంటాడని హెచ్చరించాడు (1 సమూయేలు 8).

తెలుగువారికి ఈ వాదన కొత్తది కాదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సంయుక్త సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు, రైతు భూమి రైతుకు కాకుండా పోతుందని భయపడినవారిలో నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా ఒకరు. ఆ ఏడాదే ఎనభై ఏళ్ల రాజాజీ స్వతంత్ర పార్టీని స్థాపిస్తే రంగా దానికి తొలి అధ్యక్షుడయ్యారు. అన్నిటికీ అనుమతి, లైసెన్సు కావాలనే పాలనను రాజాజీ ‘పర్మిట్-లైసెన్స్ రాజ్’ అన్నారు. మనిషిని సరిదిద్దేది సర్కారు ఉత్తర్వు కాదు, ధర్మభీతి, కుటుంబం, కట్టుబాటు అని ఆయన నమ్మిక. స్వేచ్ఛావాదం, సంప్రదాయవాదం ఆ పార్టీలో అలా ఒక్కచోట చేరాయి.

ఆ పార్టీలో మనం గమనించాల్సిన విశేషం మరొకటి ఉంది. దానికి 21 మూల సూత్రాలుండేవి. వాటి పరిధిలోకి రాని ఏ విషయంలోనైనా సభ్యులు తమ అంతరాత్మ చెప్పినట్టు నడుచుకోవచ్చు. పార్టీకి మనిషి మీద కొంత హక్కే ఉంది, మొత్తం హక్కు లేదని ఒప్పుకున్న పార్టీ అది.

1962లో 18 లోక్‌సభ స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచి స్వతంత్ర పార్టీ ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. 1971లో మాత్రం ఇందిరాగాంధీని దించడమే గురిగా, తనతో భావాలు కలవని పార్టీలతో కూటమి కట్టింది. ఎనిమిది స్థానాలు మిగిలాయి. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. ఒక వ్యక్తి మీది వ్యతిరేకత ఎన్నికల పొత్తుకు సరిపోవచ్చు, పునరుద్ధరణకు సరిపోదు.

ఇప్పటి సంగతి చూద్దాం. 2019 జూన్‌లో తెలంగాణలో పన్నెండుమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అధికార పక్షంలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత అధికారం చేతులు మారింది, వలసల దిక్కూ మారింది. ఆ ఫిర్యాదులపై నిర్ణయానికి 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకరుకు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వలసలను ఆపలేకపోయింది కానీ, విప్ ధిక్కరిస్తే పదవి పోతుందన్న భయంతో సభలో అంతరాత్మ గొంతును మాత్రం ఆపగలిగింది. పదవి కోసం పార్టీ మారే స్వేచ్ఛ మిగిలి, సత్యం కోసం చెయ్యెత్తే స్వేచ్ఛ పోవడం ఎంత విచారకరం!

అలాగని స్వేచ్ఛావాదుల మాటంతా సువార్త కాదు. ఉత్తర తెలంగాణలో ఉన్న మనం ఒక ప్రశ్న అడగక తప్పదు. ఎవరి స్వేచ్ఛ? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మన తాతలు వెట్టి చేసింది రాజు పొలంలోనే కాదు, దొర పొలంలో కూడా. హైదరాబాద్ రాష్ట్రంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ పని చేసింది ప్రభుత్వమే. భూమి జోలికి సర్కారు రావద్దన్న మాట వందల ఎకరాలవాడికి స్వేచ్ఛగా వినిపిస్తుంది, సెంటు భూమి లేనివాడికి పాత గడీ తలుపు మళ్లీ తెరుచుకున్నట్టు వినిపిస్తుంది. స్వతంత్ర పార్టీని సంస్థానాధీశుల పార్టీ, పెట్టుబడిదారుల పార్టీ అని ప్రత్యర్థులు ఎత్తిపొడిచింది అందుకే. నాబోతు పక్షాన నిలిచిన దేవుడే, ఇతరులకు చోటు లేకుండా ఇల్లుకు ఇల్లు, పొలానికి పొలం కలుపుకునేవారికి శ్రమ అని యెషయా చేత చెప్పించాడు (5:8). రాజు చేతికీ దొర చేతికీ హద్దు గీసినవాడు ఒక్కడే.

మన బాసరనే చూడండి. 2008లో ప్రభుత్వం ఇక్కడ ట్రిపుల్ ఐటీని నెలకొల్పకపోతే ఎందరో పల్లె బిడ్డలకు ఇంజినీరింగ్ చదువు కలగానే మిగిలేది. అదే విద్యార్థులు 2022 జూన్‌లో రెగ్యులర్ వైస్ చాన్సలర్ కోసం, కనీస వసతుల కోసం వారం రోజులపాటు ఎండకూ వానకూ బయట కూర్చోవాల్సి వచ్చింది. సర్కారు లేనిదే ఆ గేటు లేదు. సర్కారు పట్టించుకోకపోతే ఆ గేటు లోపల గోడు వినే దిక్కు లేదు. కాబట్టి పాలకులు ఎంత పెద్దవారు, ఎంత చిన్నవారు అన్న లెక్క ఒక్కటే చాలదు. వారు ఎవరికి జవాబుదారులన్నది అసలు ప్రశ్న.

మరి పునరుద్ధరణ ఎక్కడ మొదలవుతుంది? యోషీయా కాలంలో మందిరం బాగుచేస్తుండగా ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. అది విన్న రాజు శత్రువులను తిట్టలేదు, తన బట్టలు చింపుకొన్నాడు (2 రాజులు 22). పాతదాన్ని కాపాడటమంటే పాత పెత్తనాన్ని కాపాడటం కాదు, పాత నిబంధన ముందు నేటి మనల్ని నిలబెట్టుకోవడం. అయితే యోషీయా చనిపోగానే అతని కుమారులు మళ్లీ చెడునడత పట్టారు. పైనుంచి వచ్చిన సంస్కరణ ప్రజల గుండెల్లోకి దిగకపోతే ఒక్క తరం కూడా నిలవదు.

ఈ మాట ముందుగా సంఘాలకూ కాపరులమైన మాకూ వర్తిస్తుంది. తెలంగాణలో ప్రభుత్వాలు క్రిస్మస్ విందులు, కానుకలు ఇస్తూ వచ్చాయి. పొరుగు రాష్ట్రంలో పాస్టర్లకు నెలకు ఐదు వేల గౌరవ వేతనం పథకం వచ్చింది. పేద కుటుంబానికి అందిన మేలును మేం తక్కువ చేయడం లేదు. కానీ అహాబు బల్లమీద భోంచేసినవాడు నాబోతు తోటలో నిలబడి మాట్లాడగలడా? క్రిస్మస్ వేదిక మీద నాయకుడికి శాలువా కప్పి, సంఘం ఓట్లన్నీ మీవేనని మాటిచ్చే అధికారం ఏ కాపరికీ దేవుడు ఇవ్వలేదు. మన విశ్వాసుల అంతరాత్మ మన ఆస్తి కాదు, అది క్రీస్తు వెలపెట్టి కొన్నది.

పార్టీలో చేరే విశ్వాసి చేరనివ్వండి, పోటీచేసేవాడు చేయనివ్వండి. కానీ ప్రతి ఒక్కరూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నా పార్టీ తప్పు చేసిననాడు కాదనగలనా? నేను కోరే స్వేచ్ఛ నా పొరుగు పేదవాడికి కూడా అందుతుందా? ఈ రెంటికీ అవునని చెప్పగల కొద్దిమందినైనా ప్రతి సంఘం నుంచి లేపమని ప్రభువును వేడుకుందాం. ఈ దేశానికి మనం ఇవ్వగలిగిన మేలైన కానుక అదే.