టమాటా రైతుకు హైడ్రోజెల్: లెక్క చూసుకున్నాకే ఖర్చు

మదనపల్లె టమాటా మార్కెట్టుకు ఒడిదుడుకులు కొత్త కాదు. 2023 జూలైలో అక్కడ మేలురకం కాయ కిలో 150 రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టక సరుకును పారబోసిన రోజులూ ఉన్నాయి. ధర బాగున్ననాడు రైతు చేతిలో సరుకు ఉండాలంటే బెట్టకు పంట తట్టుకోవాలి. రాయలసీమలోని తేలిక ఎర్రనేలల్లో తడి ఎక్కువ రోజులు నిలవదు. తడికీ తడికీ ఎడం పెరిగితే పూత రాలుతుంది. బెట్ట మీద ఒక్కసారిగా నీరందితే కాయ పగులుతుంది. పగిలిన కాయను కొనేవారుండరు.

ఈ పరిస్థితిలో నీటిని పీల్చి నిలవచేసే హైడ్రోజెల్ గుళికలపై రైతులకు ఆసక్తి కలగడం సహజమే. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ‘పూసా హైడ్రోజెల్’ తన బరువుకు కనీసం 350 రెట్లు నీటిని పీల్చగలదు. దీని మోతాదు హెక్టారుకు 2.5 నుంచి 5 కిలోలు, అనగా ఎకరాకు ఒకటి రెండు కిలోలు.

అయితే రైతు ఇక్కడే లెక్క వేసుకోవాలి. 350 రెట్ల చొప్పున రెండు కిలోల గుళికలు ఒకసారికి పట్టుకునే నీరు 700 లీటర్లు. ఎకరం నేలపై ఒక సెంటీమీటరు నీరు నిలవాలంటే సుమారు 40 వేల లీటర్లు కావాలి. గుళికలు వేరు దగ్గర ఉండి, ప్రతి తడికీ మళ్లీ ఉబ్బి, నాటిన నారు నిలదొక్కుకోవడానికి తోడ్పడవచ్చు. అంతేగాని, ఎండిన బోరుకు అవి బదులు కాజాలవు. ఉప్పునీటి బోరు కింద వాటి పీల్చే శక్తి బాగా తగ్గుతుంది కూడా.

కనుక పశువుల ఎరువు, చెరువు మట్టి, మొక్కల మొదళ్లలో ఆకుచెత్త కప్పడం మొదట జరగవలసిన పనులు. గుళికలు ఆ తర్వాతి మాట. అప్పు తెచ్చి పొలమంతా చల్లడం కంటే, నాలుగు సాళ్లలో వేరు లోతున వేసి, పక్క నాలుగు సాళ్లు వదిలి పోల్చడం మేలు. వ్యవసాయశాఖ సైతం ప్రదర్శన క్షేత్రాల్లో దిగుబడి ఒక్కటే గాక, మేలురకం కాయ ఎంత వచ్చింది, ధర పడిననాడు పెట్టుబడి తిరిగి వచ్చిందా అన్నది ప్రకటించాలి. మండీలో తూగేది గుళిక కాదు, కాయ.