కారుకి టెఫ్లాన్ పూత, మనకి టోపీ

కొత్త కారు తాళాలు చేతికిచ్చే ముందు షోరూం వాళ్ళు ఓ మాటంటారు: "సార్, టెఫ్లాన్ కోటింగ్ వేయించేసుకోండి, రంగుకి ఇక ఢోకా ఉండదు." కోడ్ రివ్యూలో ఒక్కో లైనుకీ వంద ప్రశ్నలేసే మనం, ఇక్కడ మాత్రం నోరెత్తకుండా కార్డు గీకేస్తాం!

అసలు టెఫ్లాన్ కరగడానికే 327 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పెనానికి అంటించేటప్పుడు అంతకంటే ఎక్కువ వేడిలోనే కాలుస్తారు. ఆ వేడికి కారు రంగు మిగులుతుందా? మరి ఉత్త గుడ్డతో పూస్తే ఎలా అతుక్కుంటుందో అడిగారా?

ఇక సిరామిక్ వాళ్ళ "9హెచ్" అంటే పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష. వజ్రానికి 10 ఇచ్చే మోస్ స్కేలు కాదు. ఆ కోటింగ్ వ్యాక్స్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, కాదనను. గీతలే పడవన్నది మాత్రం ఒట్టి మాట.

నన్నడిగితే ఓ డబ్బా వ్యాక్స్ చాలు. బ్రెజిల్‌లో తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మెరుపు బాగుంటుంది, కానీ మన ఎండల్లో కొన్ని వారాలే. సింథటిక్ సీలెంట్ అయితే నెలలు నిలుస్తుంది. ఆరుబయట పార్కింగ్ అయితే రెండోదే కొనండి. కారు షాంపూతో కడిగి, ఆరాక, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు పల్చగా పూయాలి. దట్టంగా పూస్తే తుడవలేక చావడమే తప్ప లాభం లేదు. డబ్బా మీద రాసినంతసేపు ఆగి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి.

ఇంత చేసీ, రోజూ పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిపిస్తే మాత్రం ఏ పూతా కాపాడదు. సన్నగీతలు పడేది అక్కడే. వేలు పోసేముందు ఆ వారంటీ కాగితంలో చిన్నక్షరాలు చదవండి మాస్టారూ!