అతికించిన మబ్బు

ముసురు పట్టిందంటే చాలు, ఫోన్లలో ఒక చార్మినార్ ఫొటో చక్కర్లు కొడుతుంది. వెనక కారుమబ్బు, ఓ మెరుపుతీగ, మినార్ల మీద బంగారు రంగు ఎండ. కాస్త పెద్దది చేసి మినార్ అంతస్తుల తోరణాల సందుల్లోకి చూడండి. అక్కడ మామూలు మధ్యాహ్నపు తెల్లటి ఆకాశమే ఉంటుంది. మబ్బు యాప్ అతికించింది. సందులు పూడ్చడం మర్చిపోయింది.

అతుకుడు కొత్త విద్యేం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ రోజుల్లో గాజు పలకలకు నీలి వెలుగు అతిగా తగిలేది. కట్టడం తేటగా రావాలంటే ఆకాశాన్ని వదులుకోవాల్సిందే. అందుకే అప్పట్లో కొందరు మబ్బుల్ని వేరే పలక మీద తీసి, అచ్చు వేసేటప్పుడు కలిపేవారు. వాళ్లకు గత్యంతరం లేదు. జేబులో ఇంత కెమెరా పెట్టుకుని మనకేం వచ్చింది?

నిజం మబ్బు దొరకనిదా అంటే, అదీ కాదు. గాలివాన ముందరి సాయంత్రం లాడ్‌బజార్ మొగదల తూర్పు ముఖంగా నిలబడితే పడమటి ఎండ మీ వీపు మీదుగా వెళ్లి చార్మినార్ మీద పడుతుంది. అవతల ఆకాశం సిరా ఒలికినట్టుంటుంది. ఉండేది కొద్ది నిమిషాలే. నల్లని ఆకాశాన్ని చూసి ఫోన్ కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, గచ్చు పని సున్నపు ముద్దలా తెల్లబోతుంది. తెర మీద కట్టడాన్ని తాకి, వెలుగు కిందికి లాగాలి. అంతే కిటుకు.

నా పట్టుదల అందం గురించి మాత్రమే కాదు. 1591 నాటి ఈ సున్నపు కట్టడానికి వానే పరీక్ష. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. మూసీ అవతల ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలో 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి, భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏ గోడ ఎక్కడ నానుతోంది, ఏ పగుల్లో రావి మొక్క లేచింది అన్నది తడిసిన రోజున తీసిన ఫొటోలోనే తెలుస్తుంది. మనవాళ్లు ఆ మొక్కనీ, నల్లటి చారికల్నీ వేలితో తుడిచేసి మరీ పోస్టు చేస్తున్నారు. జబ్బు గుర్తులు చెరిపేసి ఎక్స్‌రే ఇచ్చినట్టుంది!

ఫొటో పోటీలు పెట్టేవారు బహుమతికి ముందు అసలు ఫైలు అడగాలి. మబ్బు మార్చినదైతే నిర్మొహమాటంగా పక్కన పెట్టాలి. తీసేవారు తేదీ, వేళ, ఏ వైపు గోడో రాసి దాచుకోండి. రేపు మరమ్మతుకు వచ్చేవాళ్లకు అక్కరకొస్తుంది. ఒక్కటి మాత్రం, ఉరుములు మొదలయ్యాక మెరుపు కోసమని మేడలెక్కకండి. చార్మినార్ నైరుతి మినార్ మొగలుల ఏలుబడిలో పిడుగు పడే కూలింది. తర్వాత మళ్లీ కట్టుకున్నారు.